అల మీద నిలిచే బాతు

జనవరి ఆఖరు వారం. తెల్లవారడానికి ఇంకా మూడు గంటలుంది. మేరీల్యాండ్‌లో సస్క్వెహానా నది చెసపీక్ అఖాతంలో కలిసేచోట హ్యావర్ డి గ్రేస్ అనే చిన్న ఊరు. ఆ ఊళ్లో ఒక రేకుల షెడ్డులో మీరు నిలబడి ఉన్నారు. గోడల పొడవునా అరలు, అరల నిండా దీమపు బాతులు, అంటే వేటలో నిజం బాతుల్ని రప్పించే బొమ్మలు. చెక్కవి, కార్కువి, ప్లాస్టిక్‌వి. ఈ నీళ్ల మీదే పెరిగిన ముసలాయన టార్చిలైటు ఒక్కో అర మీదుగా జరుపుతున్నారు. ఇవాళ నీటిలోకి ఏవి వెళ్లాలో ఇక్కడే తేలాలి.

మీ చెయ్యి అన్నిటికన్నా అందమైనదాని మీదికి పోతుంది. ఈక ఈకనూ సన్నని కుంచెతో దిద్దిన మగ క్యాన్వాస్‌బ్యాక్ బాతు బొమ్మ. ఆయన దాన్ని మీ చేతిలోంచి తీసుకుని తిరిగి అరలో పెడతారు.

"బాతు దీన్ని అరమైలు నుంచి చూస్తుంది. అంత దూరం నుంచి ఈ ఈకలు నీకు కనిపిస్తాయా?"

కనిపించేది తెలుపు. మగ క్యాన్వాస్‌బ్యాక్‌కి తల ఇటుకరంగు, రొమ్ము నలుపు, వీపు తెలుపు. బూడిదరంగు నీటి మీద ఆ తెల్లటి వీపులు గుంపుగా ఉంటే చాలు, ఎంత దూరాన ఎగిరే గుంపైనా తల తిప్పుతుంది. అందుకే ఆయన మగవాటినే ఎక్కువ తీస్తున్నారు, ఆడవి కొన్నే. పరిమాణం కూడా నిజం బాతుకన్నా పెద్దది. చెరువు మూల గడ్డిలో అంత పెద్ద బొమ్మ పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. చుట్టూ మైళ్లకొద్దీ నీళ్లున్నచోట మామూలు సైజు బొమ్మ రెండు అలల మధ్య మాయమైపోతుంది. మబ్బు పట్టిన రోజున నలుపు బాగా పనిచేస్తుందని నాలుగు డజన్ల బ్లూబిల్ బాతుల్ని కూడా బస్తాలకెత్తారు. వాటి తల, రొమ్ము, తోక నల్లగా, నడుము తెల్లగా ఉంటాయి.

తర్వాత అసలు పరీక్ష. మూలనున్న నీళ్ల తొట్టిలో ఒక ప్లాస్టిక్ బాతును వేసి వేలితో పక్కకు వంచి వదిలారు. లోపల డొల్ల కావడంతో అది ఖాళీ బిందెలా అటూ ఇటూ ఎగిరెగిరి ఆలస్యంగా కుదురుకుంది. పక్కన కార్కుతో చేసినది వేశారు. అడుగున సీసపు బరువు ఉంది. వంచి వదలగానే ఒక్కసారి ఊగి నిటారుగా నిలబడింది. నిజమైన బాతు నీటిలో కొంత మునిగి, అలతోపాటు లేచి దిగుతుంది. అల మీద గంతులేయదు. విశాలమైన నీళ్ల మీద బొమ్మను ఎంచుకోవడంలో నేను రంగుకన్నా, ఆకారంకన్నా దీన్నే ముందు పెడతాను. బొమ్మ కదలిక తప్పైతే రంగు ఎంత బాగున్నా లాభం లేదు.

ఈ ఊరి పనివాళ్లకు ఆ సంగతి ఎప్పటినుంచో తెలుసు. అంత్యక్రియలు జరిపించే వృత్తిలో ఉంటూనే ఆర్. మాడిసన్ మిచెల్ దశాబ్దాలపాటు ఇక్కడ వేలకొద్దీ బాతుల్ని చేశారు. ఒళ్లు లేతు మీద, తల విడిగా. రంగులో అనవసరమైన గీత ఒక్కటి ఉండదు. 1993లో ఆయన పోయారు. ఇప్పుడు సేకరించేవాళ్లు వాటిని అద్దాల బీరువాల్లో దాచుకుంటున్నారు, ఊళ్లో దీమపు బాతుల (డెకాయ్) మ్యూజియమూ ఉంది. కానీ అవి పుట్టింది అలల మీద పని చేయడానికే. ఇంకా వెనక్కి వెళితే, 1924లో నెవాడాలోని లవ్‌లాక్ గుహలో రెల్లుతో కట్టిన బాతులు దొరికాయి. దాదాపు రెండు వేల ఏళ్లనాటివి. అవీ క్యాన్వాస్‌బ్యాక్ రూపాలే. ఎడారి సరస్సుల ఒడ్డున బతికిన ఆ మనుషులు కూడా ఈ తెల్ల వీపునే ఎంచుకున్నారు.

పడవ చీకట్లో సస్క్వెహానా ఫ్లాట్స్ మీదికి పోతోంది. లోతు లేని విశాలమైన నీటి మైదానం ఇది. ఒకప్పుడు అడుగంతా వైల్డ్ సెలరీ అనే నీటి గడ్డి. బురదలో దాని మొగ్గల కోసమే క్యాన్వాస్‌బ్యాక్‌లు లక్షల్లో దిగేవి. బజారుకు అమ్మే వేటగాళ్లు సింక్‌బాక్స్ అనే పెట్టెను నీటిమట్టానికి ముంచి, దాని రెక్కల మీద ఇనుప బాతులు పేర్చి, చుట్టూ వందల బొమ్మలు పరిచి, అందినన్ని బాతుల్ని కాల్చుకున్నారు. 1918 చట్టంతో ఆ వ్యాపారం ఆగింది. 1935లో సింక్‌బాక్స్‌ను, బతికున్న బాతుల్ని ఎరగా కట్టడాన్ని నిషేధించారు. 1972 జూన్‌లో ఆగ్నెస్ తుఫాను తెచ్చిన వరద, బురద గడ్డినే తుడిచిపెట్టాయి. అది తిరిగి మొలవడానికి దశాబ్దాలు పట్టింది. మన కొల్లేటికి చలికాలంలో వచ్చే ఎర్రతల బాతులు వీటికి దగ్గరి చుట్టాలే. అక్కడ వాటిని వేటాడటం నేరం. ఇక్కడ సీజనుంటుంది, రోజుకి ఇన్నే అని లెక్కుంటుంది. ఆ లెక్కను ముసలాయన ప్రాణంగా పాటిస్తారు.

గాలి వాయవ్యం నుంచి వీస్తోంది. ఎగువన లంగరు వేసి పడవను గాలికి వదిలారు. తల్లితాడు జారుతుంటే ఆయన మనవడు బొమ్మ కట్టిన పిల్లతాడు క్లిప్పును ఆరేడడుగులకొకటి చొప్పున తగిలిస్తున్నాడు. బొమ్మకో లంగరు కడితే ఈ నీళ్లలో తెల్లారిపోతుంది, తాళ్లూ చిక్కుపడతాయి. బొమ్మల వరసలు గాలి దిగువకు పొడుగ్గా సాగి, ఎగువన ఒక పక్కకు వంగాయి. ఆ వంపులో ఖాళీ నీళ్లు ఉంచారు. క్యాన్వాస్‌బ్యాక్‌లాంటి మునిగే (డైవింగ్) బాతు గాలికి ఎదురుగా వచ్చి, వరస వెంబడే ఎగిరి, ఆ ఖాళీలో దిగుతుంది. ఆ ఖాళీకి ఎగువన తక్కువ ఎత్తున్న లేఅవుట్ పడవలో మీరిద్దరూ వెల్లకిలా పడుకున్నారు. మనవడు, కుక్క పెద్ద పడవలో దూరంగా వెళ్లిపోయారు.

సూర్యోదయానికి ముందు అరగంట నుంచి కాల్చవచ్చు. తుపాకీ ఆయన చేతిలోనే ఉంది, మీరు చూడటానికే వచ్చారు. వేళ్లు మొద్దుబారాయి. చెంప పక్కనే అల పడవను కొడుతోంది. దూరాన నీటికి ఆనుకుని ఒక నల్లటి గీత, అది బాతులయ్యేలోపే మీద పడుతోంది. వందగజాల దూరంలో గుంపంతా ఒక్కసారిగా పైకి లేచి పక్కకు తిరిగిపోయింది.

ఆయన లేచి కూర్చుని బొమ్మల్ని చూశారు. ఎగిరిపడ్డ తుంపర వీపుల మీద గడ్డకట్టి అద్దంలా తళతళమంటోంది. మంచు బరువుకు నాలుగైదు పక్కకు ఒరిగాయి. చేతిరేడియోలో మనవణ్ని పిలిచారు. కుర్రాడు వరసల వెంట వచ్చి తెడ్డుతో తట్టి మంచు రాల్చాడు, ఎంతకీ నిలబడని రెండు బొమ్మల్ని విప్పేశాడు. ఒరిగిన బొమ్మ వరసలో ఉండటంకన్నా లేకపోవడం మేలు.

ఈసారి ఎనిమిది వస్తున్నాయి. వరస చివరనున్న బ్లూబిల్ బొమ్మల మీదుగా, నీటికి అడుగెత్తులో. రెక్కల చప్పుడు మీ ఒంటికి తగులుతోంది. వాలు నుదుళ్లు, పొడుగు ముక్కులు, సందేహం లేదు, క్యాన్వాస్‌బ్యాక్‌లే. కాళ్లు చాచి రెక్కలు వెనక్కి పట్టాయి. ఆయన లేచి, ఒక మగదాన్ని ఎంచుకుని, ఒక్కసారే కాల్చారు. అది పడింది. పెద్ద పడవలోంచి చెసపీక్ రిట్రీవర్ ఆ చన్నీళ్లలోకి దూకింది.

కాసేపటికి లెక్క నిండింది. ఆయన తుపాకీ విప్పి సంచిలో పెట్టారు, పడవలో మాత్రం అలాగే పడుకున్నారు. మరో గుంపు వచ్చింది, కానీ ఖాళీలోకి రాలేదు. కుడి వరస మధ్యలో, నాలుగు కార్కు బాతుల పక్కన దిగింది. అక్కడ అల పెద్దది, ఆ నాలుగే దానితోపాటు సరిగ్గా లేచి దిగుతున్నాయి.

"చూశావా ఎక్కడ దిగాయో," అన్నారాయన గొంతు తగ్గించి. "ఎడమ వైపు కట్టిన ప్లాస్టిక్‌వన్నీ తీసేద్దాం. రేపు రెండు వైపులా కార్కువే కట్టాలి."