ధాన్యకటకంలో ఏ ధాన్యం?

కృష్ణానది దక్షిణపుటొడ్డున ఉన్న అమరావతికి ప్రాచీన నామం ధాన్యకటకం. ప్రాకృత శాసనాలలో ఇది ధంఞకడ అని కనిపిస్తుంది. మహాస్తూపం వలన ఈ ఊరు లోకప్రసిద్ధి పొందినది. స్తూపాన్ని గురించి, శిల్పాన్ని గురించి గ్రంథాలు వెలువడినవి. కాని ఊరి పేరులోనే ఉన్న ధాన్యాన్ని గురించి అడిగినవారు తక్కువ. ఆ కటకంలో కుప్పలు పోసిన ధాన్యం ఏది? నేటి విద్యార్థిని అడిగితే తడుముకోకుండా 'వరి' అంటాడు. ఆ సమాధానం పూర్తిగా తప్పు కాదు. నది ఒడ్డున వరి పండి ఉండవచ్చును. అయితే అమరావతికి పడమరగా నరసరావుపేట, గురజాల, మాచర్ల వైపు వెళ్ళినకొద్దీ నాపరాతి నేలలు, రేగళ్ళు, తక్కువ వానలు ఎదురవుతవి. ఆ పల్నాటి సీమలో నిన్న మొన్నటి వరకు కడుపు నింపినది వరి కాదు.

ఈ ప్రశ్నకు నేడు మరొక ప్రయోజనం కూడ ఉన్నది. దక్షిణ అమెరికా నుండి కినోవా, ఇథియోపియా నుండి టెఫ్ అనే ధాన్యాలు 'ప్రత్యామ్నాయ పంటలు' అనే పేరుతో మన రైతుల చెవిని పడుతున్నవి. కొత్త గింజను నమ్మవలెనా, వద్దా అని తేల్చుకోవడానికి పాత గింజలు ఈ నేలకు ఎట్లా వచ్చినవో, ఎట్లా పోయినవో తెలిసి ఉండడం మంచిది.

బూడిదలో దొరికిన గింజలు

లోహాలు వాడుకలోకి రాకముందే దక్కను పీఠభూమిలో పశువులను మేపుకొంటూ, చిన్న చేలు చేసుకొంటూ జనులు నివసించారు. వారి పశువుల దొడ్లలో పేడ కాలి ఏర్పడిన బూడిద దిబ్బలు నేటికీ కనిపిస్తవి. పాలమూరు సీమలోని ఉట్నూరు దిబ్బను 1957లో ఆల్చిన్ అనే పురాతత్త్వవేత్త త్రవ్వి చూచాడు. పల్నాటిలోనే, మాచర్లకు సమీపాన నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకాలలో కూడ నవీన శిలాయుగపు ఆనవాళ్ళు బయటపడినవి.

ఆ జనులు ఏమి తిన్నారో తెలుసుకోవడానికి ఒక సులభమైన పద్ధతి ఉన్నది. పొయ్యి దగ్గర పొరబాటున మాడి బొగ్గయిన గింజ పురుగు పట్టదు, కుళ్ళదు. వేల ఏండ్లు మట్టిలో నిలిచి ఉంటుంది. త్రవ్వి తీసిన మట్టిని నీటిలో కలిపితే మట్టి అడుగుకు పోతుంది, బొగ్గయిన గింజ పైకి తేలుతుంది. దానిని సన్నని జల్లెడతో పట్టి, ఆరబెట్టి, సూక్ష్మదర్శినిలో చూచి ఏ జాతిదో గుర్తిస్తారు. డోరియన్ ఫుల్లర్, రవి కొరిశెట్టర్, పి. సి. వెంకటసుబ్బయ్య మొదలైన పరిశోధకులు కర్నూలు, అనంతపురం, కడప, బళ్ళారి ప్రాంతాల మట్టిని ఇట్లా పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించారు. క్రీ.పూ. మూడవ సహస్రాబ్ది నాటి ఆ వంటశాలలలో ముఖ్యంగా కనిపించినవి నాలుగు: అండుకొర్ర, దానికి దగ్గరిదైన ఒక గడ్డిజాతి చిరుధాన్యం, ఉలవ, పెసర. ఇవే దక్కనులో మొదటి పంటలు. ఈ నాలుగింటిలో వరి లేదు. జొన్న కూడ లేదు.

ఉలవలు, పెసలు నేటికీ మనకు పరిచితాలే. అండుకొర్ర పేరు మాత్రం చాలామంది వినలేదు. మడకశిర ప్రాంతంలోను, దానిని ఆనుకొని ఉన్న కర్ణాటక గ్రామాలలోను కొందరు రైతులు దానిని విడువక పండిస్తూ రావడం వలన, నాలుగువేల ఏండ్ల నాటి పంట నశించకుండ మన కాలం వరకు వచ్చినది.

దూరదేశపు చుట్టాలు

అమరేశ్వరాలయంలో నేటికీ అభిషేక సమయంలో రుద్రనమకంతోపాటు చమకం పారాయణ చేస్తారు. యజుర్వేదంలోని ఆ చమకంలో ధాన్యాల జాబితా ఒకటి ఉన్నది. వ్రీహి, యవ, గోధుమ, మాష, ముద్గాలతోపాటు ప్రియంగువు, అణువు, శ్యామాకం, నీవారం అందులో చేరినవి. ప్రియంగువు అంటే కొర్ర. అణువును వరిగగాను, శ్యామాకాన్ని చామ, ఊద వంటి చిరుధాన్యంగాను చెప్పుతారు. నీవారం అడవి వరి. ఈ జాబితాలో జొన్న లేదు, సజ్జ లేదు, రాగి లేదు.

వాటి జన్మభూమి ఆఫ్రికా. జొన్నను తూర్పు సూడాను మైదానాలలో అయిదువేల ఏండ్ల క్రితం సాగుకు తెచ్చారు. సజ్జ సహారా ఎడారి దక్షిణపుటంచున పుట్టినది. రాగి ఇథియోపియా, ఉగాండా మెరకలలోనిది. అరేబియా సముద్రం మీదుగా సాగిన రాకపోకలలో అవి క్రీ.పూ. రెండవ సహస్రాబ్ది నుండి క్రమంగా మన దేశం చేరినవి. కొర్ర, వరిగలు మరొక దిక్కునుండి, ఉత్తర చైనా నుండి వ్యాపించినవి. అక్కడ వాటి సాగుకు ఎనిమిదివేల ఏండ్ల చరిత్ర ఉన్నది.

కనుక 'మన పంట', 'పరాయి పంట' అనే మాటలను కొంచెం ఆలోచించి వాడవలెను. పల్నాటి జొన్న కూడ ఒకనాడు కొత్త పంటే. ఇక్కడి రైతు దానిని పరీక్షించాడు. నచ్చిన కంకిని విత్తనానికి ఏరి ఉంచుకొన్నాడు. తరతరాల ఆ ఎంపిక వలన పచ్చజొన్న వంటి స్థానిక రకాలు ఏర్పడినవి.

అయితే రాగి పుట్టిన ఇథియోపియా మెరకలలోనే పుట్టిన టెఫ్ ఎందుచేత రాలేదు? కారణం ఇదేనని రుజువు చూపలేము గాని, గింజను చూస్తే ఒక ఊహ తోస్తుంది. వెయ్యి టెఫ్ గింజలు కలిపితే గ్రాములో మూడవ వంతు తూగుతవి. అంత సన్నని గింజను చల్లడం, కలుపు తీయడం, నూర్చడం కష్టం. కాడ బలహీనం కనుక గాలివానకు పైరు పడిపోతుంది. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఇంగ్లండులోని క్యూ ఉద్యానవనం వారు టెఫ్ విత్తనాలు తెప్పించి ఇండియాతో సహా పలు దేశాలకు పంపారు. అప్పటికి మన మెట్టరైతు చేతిలో రాగి, కొర్ర, వరిగ సిద్ధంగా ఉన్నవి. టెఫ్ ఇక్కడ ఆహారపంటగా నాటుకొనలేదు.

జొన్నకూటి సీమ

శ్రీనాథ మహాకవి పేరున వ్యాపించిన చాటువులలో పల్నాటి జొన్నకూటి మీద చమత్కారపు విసుగు వినిపిస్తుంది. సన్నబియ్యానికి అలవాటుపడిన కవి విసుగులో ఒక చారిత్రక సాక్ష్యం ఇమిడి ఉన్నది: పదునైదవ శతాబ్ది నాటికి పల్నాడు అంటే జొన్న అనే పేరు స్థిరపడినది.

ఆ వ్యవసాయం అనాగరికమైనది కాదు. గుంటకతో నేలను గుల్లచేసి, గొర్రుతో సాళ్ళు తీసి జొన్న విత్తేవారు. కొన్ని సాళ్ళకు ఒక సాలు కంది వేసేవారు. జొన్న వేళ్ళు పైపొరలోని తేమను తీసుకొంటే, కంది వేరు లోతుకు దిగుతుంది. దాని వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తవి. గింజ మనిషికి, చొప్ప పశువుకు దక్కేది. ఒంగోలు జాతి ఎడ్ల బలం వెనుక జొన్నచొప్ప ఉన్నది. మిగిలిన గింజను భూమిలో పాతర వేసి గాలి చొరకుండ మూసేవారు. వానలు ఆలస్యమై జొన్న అదను తప్పితే రెండు నెలలకు కొంచెం పైబడి చేతికి వచ్చే వరిగ వేసేవారు. ఒక పంట పోయినా మరొకటి నిలుస్తుందనే లెక్క ఇందులో ఉన్నది.

ఆ లెక్క కూడ తప్పిన సంవత్సరం 1832-33. నందననామ సంవత్సరంలో వచ్చినది గనుక నందన కరువని, ఎముకల గూళ్ళుగా మారిన మనుషులను బట్టి డొక్కల కరువని దానిని పిలిచారు. అయిదు లక్షల జనం ఉన్న గుంటూరు సీమలో లక్షన్నర నుండి రెండు లక్షల మంది మరణించారని అంచనా. వానలు బొత్తిగా లేక, పన్నుల భారంతో నిలువలు తరిగి, పాతరలు ఖాళీ అయినప్పుడు ఏ మెట్టధాన్యమూ మనిషిని కాపాడలేదు. ఈ విషయాన్ని చిరుధాన్యాలను పొగడేవారు మరువరాదు.

నీరు వచ్చిన తరువాత

బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తి అయినది. డెల్టా వరిపొలమైనది, పల్నాడు మెట్టగానే ఉండిపోయినది. నాగార్జునసాగరానికి 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడిచారు. కుడికాలువ పల్నాటి నడుమ పారినది. జొన్నచేను వరిమడి అయినది. ప్రత్తి, మిరప వచ్చినవి. కరువును ఎరిగిన జనులకు అది మహోపకారం.

కాని జొన్న వెనుకబడడానికి నీరు ఒక్కటే కారణం కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చి, పేదవాని కంచంలోకి కూడ బియ్యం చేరినది. ఇంకొక కారణం రోలు, రోకలి. కొర్ర, వరిగల పొట్టు తీయడం ఆడవారికి తెల్లవారుజాము చాకిరి. వడ్లకు ఊరూర మర వచ్చినది, కొర్రకు రాలేదు. సుఖంగా వండుకొనే ధాన్యం దొరికినప్పుడు కష్టపెట్టే ధాన్యాన్ని విడిచిన తల్లులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

ఒకే పంటను నమ్మడంలోని ప్రమాదం తరువాత తెలిసినది. 1980ల దశకంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిని తెల్లదోమ ముంచినది. మందులకు, ఎరువులకు అప్పు చేసిన రైతులు కొందరు 1987-88లో ప్రాణాలు తీసుకొన్నారు. జొన్న, కంది కలిపి వేసిన చేనిలో ఒకటి పోతే ఒకటి ఉండేది. అప్పుతో వేసిన ప్రత్తిచేనిలో ఆ రెండవది లేదు.

తిరిగివచ్చిన జొన్న

శాస్త్రజ్ఞులు మెట్టధాన్యాలను మరువలేదు. నంద్యాలలో 1906లో ఏర్పడిన పరిశోధన క్షేత్రం నుండి సూర్యనంది వంటి కొర్ర రకాలు వచ్చినవి. దేశంలో మొదటి సంకర జొన్న సి.ఎస్.హెచ్-1 1964లో విడుదల అయినది. 1966లో హాచ్, స్లాక్ అనే శాస్త్రజ్ఞులు కొన్ని మొక్కలు బొగ్గుపులుసు గాలిని గ్రహించే ప్రత్యేక మార్గాన్ని వివరించారు. జొన్న, సజ్జ, కొర్ర, రాగి, టెఫ్ ఈ తెగకు చెందినవి. ఇవి ఆ వాయువును ముందుగా నాలుగు కర్బన పరమాణువుల పదార్థంగా మార్చి, ఆకులోని ప్రత్యేక కణాలలో కూడబెట్టుకొంటవి. అందుచేత ఆకురంధ్రాలను ఎక్కువగా తెరువకుండానే, అనగా తక్కువ నీరు ఆవిరి చేసి, ఎండలో ఎక్కువ పిండిపదార్థం తయారుచేసుకొనగలవు. వరికి, కినోవాకు ఈ సదుపాయం లేదు.

విచిత్రమేమంటే, జొన్న గుంటూరు సీమకు వరి డెల్టా ద్వారా తిరిగివచ్చినది. వరి కోసిన మాగాణులలో వేసే మినుము పల్లాకు తెగులుకు, బంగారుతీగ అనే పరాన్నజీవికి లొంగిపోగా, 2008 ప్రాంతం నుండి తెనాలి వైపు రైతులు దున్నకుండానే వరిదుబ్బుల నడుమ సంకర జొన్న వేశారు. హెక్టారుకు ఆరు టన్నులకు పైగా దిగుబడి వచ్చినది. అయితే ఆ గింజలో చాలా భాగం కోళ్ళదాణాకు పోతున్నది.

కొత్త గింజకు నాలుగు పరీక్షలు

ఐక్యరాజ్యసమితి 2013ను కినోవా సంవత్సరంగాను, 2023ను చిరుధాన్యాల సంవత్సరంగాను జరిపినది. కినోవా గడ్డిజాతి కాదు. మన పప్పుకూరకు, అంటే చక్రవర్తికూరకు, దగ్గరి చుట్టం. గింజపై చేదు పొర ఉంటుంది, కడిగి తీయవలెను. మాంసకృత్తుల నాణ్యతలో అది మేలైనది. కాని పూతవేళ అధికమైన వేడిని సహించదు. వేసవి ఎండలకు పేరుపడిన రెంటచింతల ఉన్న పల్నాటిలో దానికి చలికాలం తప్ప వేరు గతి లేదు.

ధర సంగతి కూడ చూడవలెను. ప్రపంచ విపణిలో కినోవా ధర 2014 వరకు పెరిగి, 2015 తరువాత సగానికంటె తక్కువకు పడినది. పలు దేశాలు ఒక్కసారి సాగుకు దిగడం అందుకు ముఖ్యకారణం. టెఫ్ విషయంలో ఇథియోపియా ప్రభుత్వం 2006లో గింజ ఎగుమతిని నిషేధించినది; తమ ప్రజల కంచంలోని ధాన్యం అందని ధర కాకూడదని వారి భయం.

కావున చరిత్ర ప్రకారం ఏ కొత్త ధాన్యమైనా నాలుగు పరీక్షలకు నిలువవలెను. వానకు, ఎండకు తట్టుకొంటుందా? గింజతోపాటు పశువుకు మేత ఇస్తుందా? పొట్టుతీసి వండడం ఇంటివారికి సులభమా? అమ్మబోతే కొనేవారు ఏటేటా ఉంటారా? జొన్న మొదటి రెండింటిలో గెలిచి మూడువేల ఏండ్లు నిలిచినది. కొర్ర, వరిగలు మూడవ దానిలో ఓడి వెనుకబడినవి. చిన్న పొట్టుమరలు గ్రామాలకు చేరిన కొద్దీ ఆ ఓటమి గెలుపు కావచ్చును. వంద గ్రాముల రాగిలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నపు ధాతువు ఉంటుంది. బియ్యంలో పది మాత్రమే. ఇంత బలం దగ్గరనే ఉండగా దూరపు గింజ కోసం తొందరపడనక్కరలేదు. పరీక్షించి చూడడం తప్పూ కాదు.

ధాన్యకటకంలో ఏ ధాన్యం అనే ప్రశ్నకు ఒక్క పేరుతో సమాధానం లేదు. అండుకొర్ర, ఉలవ, కొర్ర, వరిగ, జొన్న, వరి ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. కొన్ని కలిసి బ్రతికినవి. పల్నాటి పాఠశాల విద్యార్థి తన ఇంటి అవ్వను 'మీ చిన్ననాడు పాతరలో ఏమి పోసేవారు?' అని అడిగితే ఈ చరిత్రలోని చివరి అధ్యాయం ఆమె నోటనే వినవచ్చును. ఆ విత్తనం ఇంకా ఎవరి ఇంట ఉన్నదో కూడ అడగవలెను. గింజ పేరు మరచిపోయినా పుస్తకంలో వెతుక్కోవచ్చును. విత్తనం పోతే ఏ పుస్తకమూ దానిని మొలిపించలేదు.