గ్రంథాలయమున సుషిరవాద్య పంచకము

గ్రంథాలయమనగా నిశ్శబ్దముగా చదువుకొనుచోటని సామాన్యాభిప్రాయము. కాని అమెరికా రాజధాని వాషింగ్టన్ నందలి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పుస్తకములతోపాటు ఒక సంగీతశాల కూడ కలదు. ఎలిజబెత్ స్ప్రేగ్ కూలిడ్జ్ అను వదాన్యురాలు 60,000 డాలర్లు విరాళమీయగా నిర్మింపబడిన ఈ శాల 1925 అక్టోబరులో ప్రారంభమైనది. సుమారు 500 మందికి మాత్రమే చోటుగల ఈ శాల, కొలదిమంది వాద్యకారులు ఒకరినొకరు వినుచు వాయించు 'చేంబర్' సంగీతమునకై ఏర్పడినది.

ఇట్టి సంగీతమున సుషిరవాద్య పంచకము ఒక ముఖ్యశాఖ. ఫ్లూటు, ఓబో, క్లారినెట్, బాసూన్, హార్న్ అను ఐదును ఇందలి వాద్యములు. వీనిలో హార్న్ లోహవాద్యము. తక్కిన నాలుగును కొయ్యవాద్యముల తెగలోనివి. ప్రేగ్ నగరమున 1770లో జన్మించిన ఆంటన్ రైఖా, స్వయముగా వేణువాదకుడు. ఆయన పారిస్‌లో ఈ ఐదింటికై 24 కృతులు రచించి, పంచకమునకు స్థిరరూపమిచ్చెను.

వయొలిన్ జాతి వాద్యములన్నియు ఒకే కుటుంబమునకు చెందినవి. పంచకమున అట్లుగాక, ప్రతి వాద్యమునకును వేరు స్వభావము కలదు. ఫ్లూటు రెండు కొసలను తెరచిన గొట్టమువంటిది; దీనియందు అన్ని అనుస్వరములును పుట్టును. క్లారినెట్ ఒక కొస మూసిన స్తూపాకారపు గొట్టమువంటిది. క్రింది స్వరములలో 1, 3, 5 అను బేసి అనుస్వరములే ప్రధానముగా వినబడును. కనుకనే పొడవులో ఇంచుమించు సమానమైనను, క్లారినెట్ ఫ్లూటుకంటె దాదాపు ఒక స్థాయి క్రిందికి పలుకును. పై స్వరములకు పోవునపుడు ఫ్లూటు షడ్జమునుండి తారషడ్జమునకు పోగా, క్లారినెట్ తారస్థాయి పంచమమునకు దుముకును. ఓబో, బాసూన్‌లు మన సన్నాయివలె జంటరేకుల పీకతో పలుకు శంకువాకారపు గొట్టములు.

ఈ ఐదింటిని ఒకే శ్రుతియందు నిలుపుటకు ఉష్ణోగ్రత పెద్ద అడ్డంకి. గాలిలో ధ్వనివేగము 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సెకండుకు సుమారు 343 మీటర్లు; 30 డిగ్రీలవద్ద 349 మీటర్లు. గొట్టములోని గాలి అంత వేడెక్కినచో, 440 పౌనఃపున్యముగల స్వరము ఇంచుమించు 448కి చేరును. శాల వేడియేగాక వాద్యకారుని ఊపిరి వేడియు గొట్టమున చేరును. అన్ని వాద్యములును ఒకే తీరున వేడెక్కవు. కావున వాద్యకారులు క్షణక్షణము పక్కవారిని వినుచు పెదవుల బిగింపును సవరించుకొనవలెను.

ఈ గాలిస్తంభముల రహస్యములను శ్రద్ధతో పరిశీలించినవారిలో అమెరికన్ భౌతికశాస్త్రజ్ఞుడు డేటన్ మిల్లర్ (1866-1941) ఒకరు. ధ్వనితరంగములను ఫొటోగ్రాఫు తీయు 'ఫోనోడైక్' అను పరికరమును ఆయన 1908లో నిర్మించెను. ఆధునికపు ఫ్లూటు నిర్మాత థియోబాల్డ్ బోమ్ గ్రంథమును ఇంగ్లీషులోనికి అనువదించెను. 1,700కు పైగా వేణువులను సేకరించి ఈ గ్రంథాలయమునకే వ్రాసియిచ్చెను. పారిస్ వాసి క్లోడ్ లోరాన్ 1813లో అధ్యక్షుడు మాడిసన్‌కై చేసిన స్ఫటికపు వేణువు వానిలో ఒకటి. గాజు, కొయ్యవలె తేమకు ఉబ్బదు.

మిల్లర్ జీవితమున మరియొక పెద్ద ప్రయత్నము ఈథరును గూర్చినది. 1921 నుండి 1926 వరకు విల్సన్ పర్వతముపై కాంతి వ్యతికరణమును కొలిచి, ఈథరు ప్రవాహము కనబడినదని ఆయన ప్రకటించెను. అదియే నిజమైనచో ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతము నిలువదు. మిల్లర్ తుదివరకు తన అభిప్రాయమును విడువలేదు. ఆయన శిష్యుడు షాంక్‌లాండ్, సహచరులతో కలిసి ఆ కొలతలను తిరిగి పరిశీలించి, వానికి కారణము ఈథరు కాదనియు, పరికరమునుంచిన గదిలోని స్వల్ప ఉష్ణోగ్రతా భేదములే ప్రధానకారణమనియు 1955లో తేల్చెను.

వేణువును శ్రుతి తప్పించు వేడియే, వేణువులను అంతగా ఎరిగిన శాస్త్రజ్ఞుని కొలతలను కూడ తప్పించెను. గురువు లెక్కలను దాచక భద్రపరచుటవలననే శిష్యుడు ఆ తప్పును కనుగొనగలిగెను. ఈథరు వాదము వీగిపోయినది. వేణువులు మాత్రము గ్రంథాలయమున నేటికిని భద్రముగా ఉన్నవి.