రోజుకొక్క రూపాయి



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం కావాలని కార్యదర్శి గారు అడిగినప్పుడు నేను పాళెగాండ్ర గురించి వ్రాస్తానని అనుకున్నారట. బంగారుపాళ్యం వాడు మరేం వ్రాస్తాడు! కాని నా చేతులతో ఫైలు కట్టి, నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించిన చరిత్ర ఒకటుంది. అది మన ఆడవాళ్ళ అప్పుల చరిత్ర.

నా చిన్నతనంలో ఆడమనిషికి అప్పు పుట్టే చోట్లు రెండే. ఒంటి మీద నగ ఉంటే తాకట్టు అంగడి, లేకుంటే వడ్డీ వ్యాపారి. నూటికి నెలకు మూడు రూపాయల నుంచి ఐదు దాకా వడ్డీ, అంటే ఏడాదికి 36 నుంచి 60 రూపాయలు. 1969 జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేశారు. 1975లో గ్రామీణ బ్యాంకులు పుట్టాయి. మన జిల్లాకు శ్రీ వెంకటేశ్వర గ్రామీణ బ్యాంకు వచ్చింది (అది 2006లో సప్తగిరి అయి, 2025లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది). బ్యాంకులు పల్లెల దగ్గరికి వచ్చాయి గాని, అవి అడిగేది పట్టా. పట్టా ఉండేది మగవాడి పేరున. పెళ్ళి కాని కూతురికి పిత్రార్జితంలో సమాన వాటా ఇస్తూ రామారావు గారి హయాంలో, 1986లో మన రాష్ట్రం చట్టం తెచ్చింది. దేశం మొత్తానికి అటువంటి సవరణ 2005లో గాని రాలేదు. అయినా నేను చూసిన పాసుపుస్తకాల్లో ఆడపేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

1982-83లో కేంద్రం డ్వాక్రా పథకం మొదలుపెట్టింది. పదిహేను ఇరవై మంది ఆడవాళ్ళు ఒక గ్రూపు. దానికి రివాల్వింగ్ ఫండు 15,000 రూపాయలు; కేంద్రం, రాష్ట్రం, యునిసెఫ్ తలా 5,000. మొదట్లో చాలా గ్రూపులు కాగితం మీదే ఉండేవి. ఆ కాగితాలు తయారు చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి, కాబట్టి చెప్పగలను.

దానికి ప్రాణం పోసింది ఆఫీసు కాదు, నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. సారా కొట్టుకు పోయే దుడ్లలో రోజుకొక్క రూపాయి పక్కన పెడదామన్న పొదుపు ఆ జిల్లాలోనే ఊపందుకొని మన వైపుకూ వచ్చింది. అదే 1992లో నాబార్డు దేశంలో 500 సంఘాలతో ఒక ప్రయోగం చేసింది. సంఘం ముందు తన డబ్బు తాను దాచుకొని, అందులోనే అప్పులిచ్చుకొని, లెక్క సరిగ్గా వ్రాస్తే, ఆ పొదుపుకు నాలుగింతల దాకా బ్యాంకు ఏ తాకట్టూ లేకుండా సంఘానికే అప్పిస్తుంది. బంగ్లాదేశ్‌లో యూనస్ గారి గ్రామీణ బ్యాంకు ఎవరి అప్పు వారికిచ్చేది. ఇక్కడ అప్పు తీసుకునేదే సంఘం.

ఆ రూపాయి ఏం చేసిందో చింతపండుతో చెబుతాను. మన వైపు వ్యాపారి కాపుకు ముందే ఆడవాళ్ళకు అడ్వాన్సు ఇచ్చేవాడు. చెట్టు దులిపి, పెంకు తీసి, గింజ కొట్టి వాళ్ళు అతనికే పోయాలి, అతను చెప్పిన ధరకే. చేతిలో నాలుగు వేలుంటే చెట్లు తామే గుత్తకు తీసుకొని, సరుకు ఇంట్లో పెట్టుకొని, ధర వచ్చినప్పుడు అమ్ముకోవచ్చు. పని అదే, చేతులూ అవే. తేడా ఆ నాలుగు వేలు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. 1995 ప్రాంతంలో నేను బయట ఊళ్ళో పనిచేస్తున్నాను, ఆఫీసు పేరెందుకు లెండి. జనవరిలో ఒక సంఘం లీడరు రివాల్వింగ్ ఫండు అర్జీ తెచ్చింది. భర్త సంతకం లేదేమని తిప్పి పంపాను. మళ్ళీ వచ్చింది.

"మా ఆయన పొయ్యి ఆరేండ్లాయ సార్. సంతకం యాడ్నించి తెచ్చేది? దుడ్లు కట్టింది మేమే కదా" అంది.

కొడుకున్నాడా అని అడిగాను. ఉన్నాడు, తొమ్మిదో తరగతి.

తర్వాత ఎందుకో అనుమానం వచ్చి జీ.ఓ. తీసి చదివితే భర్త సంతకం అన్న మాటే అందులో లేదు. ఎవరో ఎప్పుడో అడిగారు, మేమందరం అడుగుతూ వచ్చాము. ఫైలు ఏప్రిల్‌లో కదిలింది. అప్పటికి చింతపండు కాలం అయిపోయింది, ఆ యేడూ వాళ్ళు వ్యాపారి అడ్వాన్సే తీసుకున్నారు. ఆమె నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో వెలుగు వచ్చింది. తొలి ఆరు జిల్లాల్లో మన చిత్తూరు ఒకటి. సంఘాలు గ్రామ సంఘాలై, మండల సమాఖ్యలైనాయి. అయితే అప్పు సులభమయ్యేసరికి ప్రైవేటు మైక్రోఫైనాన్సు కంపెనీలూ అదే గడపకు వచ్చాయి. ఒకే ఇంటికి మూడు నాలుగు అప్పులు, వారం వారం వసూళ్ళు, ఆత్మహత్యలు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కట్టడి చేయవలసి వచ్చింది. సంఘం అప్పు తీసుకుపోయి మగవాడు బోరు వేయించి, నీళ్ళు పడకపోతే కంతు ఆడమనిషి కూలి డబ్బుతో కట్టిన ఇళ్ళూ నాకు తెలుసు. చిన్న అప్పుకు సంఘం చాలు. మామిడి తాండ్ర యూనిట్ పెడతానంటే మళ్ళీ ఆస్తి కాగితం మాట వస్తుంది.

మా ఫైళ్ళలో వీళ్ళను "లబ్ధిదారులు" అని వ్రాసేవాళ్ళం. నేనే కొన్ని వందల సార్లు వ్రాసి ఉంటాను. బ్యాంకులో డబ్బు వేసిన పెద్దమనిషిని డిపాజిటరు అంటాము కదా, మరి వీళ్ళనెందుకు అనలేదో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది.

మా ఇంటావిడ ఎస్సెస్సెల్సీ. గవర్నమెంటు గుమాస్తా భార్య కాబట్టి సంఘంలో చేరడానికి వీల్లేదు గాని, మా వీధి వెనక పల్లె సంఘానికి సాయంత్రం పూట లెక్కలు వ్రాసిపెట్టేది. ఆ మొదటి పుస్తకం మా అటక మీదే ఉండిపోయింది. మొదటి పేజీలో పన్నెండు మంది, నెలకు 30 చొప్పున 360 రూపాయలు, పదకొండు వేలిముద్రలు, ఒక సంతకం. అది వాళ్ళ పుస్తకం, తీసి ఇచ్చి రావాలి.