తూకం కాని గ్రాము

తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. దరఖాస్తు పెట్టింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. రిజిస్టరుకెక్కిన పేరు మాత్రం ‘తాండూర్ రెడ్‌గ్రామ్’. గింజ పొట్టు ఎర్రన, కనుక రెడ్ అన్నారు, బాగానే ఉంది. మరి ఈ గ్రామ్ ఎక్కడిది? కిలోలో వెయ్యో వంతుకూ దీనికీ ఏమైనా చుట్టరికం ఉందా?

లేదు. తూకపు గ్రాము ఫ్రెంచివాళ్లు 18వ శతాబ్దం చివర స్థిరపరచిన కొలత. దాని మూలం గ్రీకు ‘గ్రమ్మ’. రాసిన అక్షరం అని మొదటి అర్థం, చిన్న తూనిక అని తర్వాతి అర్థం. పప్పుధాన్యపు గ్రామ్ పోర్చుగీసు నుంచి వచ్చింది. వాళ్ల ‘గ్రాఁవ్’ అంటే ఉత్త గింజ. దాని వెనక లాటిన్ ‘గ్రానుమ్’ ఉంది. ఇంగ్లీషు గ్రెయిన్ ఆ ఇంటి పిల్లే. దానిమ్మను పోమ్‌గ్రనేట్ అనడమూ అందుకే, గింజల పండు కదా. ఆ పండు పోలికతోనే చేతిబాంబుకు గ్రెనేడ్ పేరొచ్చింది.

పోర్చుగీసువాళ్లు శనగను నేటికీ ‘ముక్కు ఉన్న గింజ’ అనే అంటారు. శనగగింజను ఒకసారి పక్కకు తిప్పి చూడండి, ముక్కు కనిపిస్తుంది. వాళ్ల నోటి మాటను ఇంగ్లీషు దొరలు అందుకుని గుర్రాల దాణాకు పెట్టుకున్నారు. ఉత్తరాన ఆ దాణా శనగ, మద్రాసు వైపు ఉలవ. అందుకే ఉలవ ఇంగ్లీషులో ‘హార్స్ గ్రామ్’గా మిగిలింది. మనకు ఉలవచారు విందు, దొరకు ఉలవ అంటే గుర్రం గుర్తొచ్చేది. శనగ బెంగాల్ గ్రామ్, పెసర గ్రీన్ గ్రామ్, మినుము బ్లాక్ గ్రామ్, కంది రెడ్ గ్రామ్. ఒక ప్రాంతం పేరు, మూడు రంగులు, ఒక జంతువు, అంతే వాళ్ల లెక్క. వండుకు తినేవాళ్లు పెట్టిన పేర్లయితే ఇలా ఉండవని నా అనుమానం.

ఇలాంటి ఆంగ్లో-ఇండియన్ మాటలకు పెద్ద కోశం 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’. కూర్చినవారు హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్. బర్నెల్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసినవాడు, పుస్తకం అచ్చవకముందే 1882లో పోయాడు. అందులో గ్రామ్ పక్కనే ‘గ్రామ్-ఫెడ్’ అని ఇంకో మాట ఉంది. శనగలు మేపి కొవ్వెక్కించిన పొట్టేలుకు ముందు ఆ పేరు, తర్వాత గారాబంతో చెడిన మనిషికీ అదే పేరు. మాట ఇప్పుడు వాడుకలో లేదు. అలాంటి మనుషులకు కొరతేమీ రాలేదు.

ఆ కోశంలోనే పప్పు అనే అర్థంలో ‘డాల్’, ‘డోల్’ అని పాత రాతలూ కనిపిస్తాయి. మారిషస్ వెళ్లిన మనవాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడ వీధుల్లో అమ్మే పప్పు పూరీ పేరులో ఇప్పటికీ అలాంటి పాత స్పెల్లింగే ఉంది.

పప్పుకూ తూకానికీ ఇంగ్లీషులో ‘గ్రామ్’ అని కుదిరిన పేరు పోలిక కాకతాళీయం. చిత్రమేమిటంటే సంస్కృతంలోనూ ఇలాంటిదే ఒకటుంది. కందికి ‘ఆఢకి’ అని పేరు, హిందీ అర్హర్ దాని నుంచే. ‘ఆఢకం’ అంటే ధాన్యం కొలిచే మానం, ద్రోణంలో నాలుగో వంతు. నిఘంటువుల్లో రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి. ఇక గింజతో తూచడం మన కంసాలికీ తెలుసు. గురిగింజెత్తు బంగారమంటే ఎవరూ నవ్వరు.

కందికి ఇంగ్లీషులో ఇంకో పేరు పావురాల బఠాణీ, ‘పిజియన్ పీ’. వెస్టిండీస్‌లోని బార్బడోస్‌లో పావురాలకు మేపేవారట, అక్కడ పుట్టిన పేరది. పటాన్‌చెరులో 1972లో వెలసిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ పేరే రాస్తారు. తాండూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం వదిలిన రకాల పేర్లలో మాత్రం రెడ్‌గ్రామ్ పొడి అక్షరాలే. ఒకరి పేరు వెనక గుర్రపు దాణా, ఇంకొకరి పేరులో పావురం.

తాండూరున్న వికారాబాద్ జిల్లా దాటితే కలబురగి, అక్కడ ఇదే గింజ తొగరి. షావుకారు ఫోనులో తూర్ అంటాడు. చేనులో, ఇంట్లో కంది. ఎండకు ఒళ్లు కందిపోవడంలోని ఎరుపుకూ ఈ కందికీ ముడి వేద్దామని నాకూ అనిపిస్తుంది, కానీ రుజువు లేని ముడి కనుక వేయను.

పప్పు అనే అర్థంలో గ్రామ్ ఇంగ్లండులో శనగపిండి పొట్లం మీద తప్ప పెద్దగా వినిపించదు. మన దగ్గర మాత్రం సర్కారు కాగితాల్లో రోజూ నడుస్తోంది. పాత మాట బతికి ఉన్నందుకు నాకు సంతోషమే, రిజిస్టరులో అది ఉండనివ్వండి. సంచి మీద మాత్రం ‘తాండూరు కంది’ అని తెలుగులో, పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాలి.