వానాకాలంలో చీలిన ఇత్తడి

గురిపోటీలకు తూటాలు ఎంచుకునేవారు ఇత్తడి తొడుగు మెడమీద నీలిఛాయ ఉందా అని చూస్తారు. మీకది మరకలా తోచవచ్చు. దాని కథలో మన వానాకాలం ఉంది సుమా!

బ్రిటిష్ హయాంలో మన దేశంలో గుర్రపుశాలల్లో నిలవచేసిన తూటాలు, ఎవరూ పేల్చకుండానే, వానలు పట్టేసరికి నెర్రెలు విచ్చేవి. చీలిన తూటాతో సిపాయి ఏం చేయగలడు? అసలు దోషి గుర్రపు మూత్రం నుంచి పుట్టే అమ్మోనియా అని 1921లో శాస్త్రజ్ఞులు తేల్చారు. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం కలిసిన ఆ ఇత్తడిని సాగదీసి తొడుగు చేస్తారు. అప్పుడు లోపల బిగువు మిగిలిపోతుంది. తేమతోపాటు అమ్మోనియా సోకితే అక్కడే చీలుతుంది. మెడను తగుమాత్రం కాచి చల్లారిస్తే బిగువు సడలుతుంది. ఆ కాకకు గుర్తే నీలిఛాయ.

మెడలన్నీ ఒకే మెత్తదనంతో ఉంటే గుండ్లను ఒకే పట్టుతో వదులుతాయి. హెచ్చుతగ్గులుంటే గురి చెదురుతుంది. కొందరు తయారీదారులు మెరుగుపెట్టి ఆ రంగు తుడిచేస్తారు. కనుక నీలిఛాయ లేనంతమాత్రాన తొడుగును తీసిపారేయకండి.