పాడిన లక్క

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు ఒకదాన్ని నా చేతులతో నేనే పాడుచేశాను. విశాఖలో పాత సామాన్ల కొట్లో, తుప్పుపట్టిన కుట్టుమిషను కింద దొరికిన 78 స్పీడు పలక అది. ఇంటికి తెచ్చి, ఎల్పీలు తుడిచే అలవాటు కొద్దీ దూది మీద స్పిరిటు వేసి అంచు వెంబడి రుద్దాను. దూది నల్లబడింది. ఎన్నేళ్ల మురికో పాపం అనుకుని ఇంకో దూది తీశాను. అదీ నల్లబడింది. నాలుగో దూదికి గాని తెలియలేదు, వస్తున్నది మురికి కాదు, రికార్డే అని. బయటి అంచున బెత్తెడు మేర గీతలు అలుక్కుపోయి, కాటుక చెరిగిన కన్నులా తయారైంది.

అప్పుడు మా ఇంట్లో తలుపులకు పాలిషు పని నడుస్తోంది. మేస్త్రి వచ్చి పలకని వాసన చూసి, గోటితో గీకి నవ్వాడు. “స్పిరిట్టు పోస్తే ఊరుకుంటదేటి బాబూ, ఇది లక్క కదా!” అని తన సీసా చూపించాడు. అందులో స్పిరిట్లో నానుతున్న లక్క రేకులున్నాయి. మా తలుపుకీ, ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్‌కీ అలా చుట్టరికం కలిసింది.

మనకి లక్క కొత్తదేం కాదు. చిన్నప్పుడు లక్కపిడతల్లో ఉత్తుత్తి అన్నం వండని వాళ్లెవరు? పాండవుల కోసం కట్టింది లక్క ఇల్లే. ఒకప్పుడు రిజిస్టరు పార్సిలు మీద పడేది లక్కముద్రే. హైదరాబాదు లాడ్ బజార్లో నిప్పుల మీద మెత్తబరిచి గాజులుగా చుట్టేదీ అదే. కానీ గ్రామఫోను పలక కూడా ఈ ఇంటి బిడ్డే అని నాకు ఎవరూ చెప్పలేదు. పాటల పిచ్చి ఉన్నవాళ్లు పాటగాడి గురించి చెబుతారు గాని పలక గురించి చెప్పరు.

లక్క చెట్టు బంక కాదు. చెట్టు రసం తాగి బతికే ఓ పురుగు తన చుట్టూ కట్టుకునే గూడు. మోదుగు, రేగు, కుసుం చెట్లంటే దానికి ప్రాణం. ఈ కుసుం మన నూనెగింజల కుసుమ కాదు, ఎర్రటి చిగుళ్లు వేసే పెద్ద అడవి చెట్టు. విత్తనపు లక్క ఉన్న పుల్లల్ని రైతు లేత కొమ్మలకు కట్టి వస్తాడు. చీమ తలకన్నా చిన్నవైన పిల్ల పురుగులు వేలకు వేలు బయటికొచ్చి, కొమ్మ మీద ఓ చోటు చూసుకుని మూతి దిగేసి, ఇక కదలవు. ఆడపురుగు అక్కడే పెరిగి, అక్కడే గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతుంది. పుల్ల చుట్టూ పేరుకున్న ఎర్రటి పెచ్చుని గీకి తెస్తే అది ముడి లక్క. ఏడాదికి రెండు పంటలు. లక్షల పురుగులు గనుక లాక్షా అయిందనీ, అదే లక్క అయిందనీ అంటారు.

ఈ పంటకి పెద్ద దిక్కు జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవులు. అరకులో కిరండూల్ రైలెక్కితే కొరాపుట్, జైపూర్, జగదల్‌పూర్ మీదుగా బస్తర్ లక్క సీమలోకే తీసుకుపోతుంది. కొండ దిగితే మన అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. లక్క ఎలా ప్రవర్తిస్తుందో చూడాలనుకునేవాళ్లు ఏ పుస్తకమూ తెరవక్కర్లేదు, అక్కడ ఓ పూట కూర్చుంటే చాలు. తరిమెన మీద అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటుంది. పనివాడు రంగు లక్క పుల్లని దాని ఒంటికి ఆనిస్తాడు. మంట ఉండదు, రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్ర చుట్టూ పరుచుకుంటుంది. వెంటనే మొగలి ఆకుతో అదిమి పట్టుకుంటే మెరుపు తేలుతుంది. వేడి తగిలితే లొంగుతుంది, ఒత్తితే ఒత్తిన రూపం పట్టుకుంటుంది, చల్లారితే రాయిలా బిగుస్తుంది. రికార్డుకి కావలసిన గుణాలు సరిగ్గా ఇవే.

ఆ సంగతి ఎమిల్ బెర్లినర్‌కి మొదట తట్టలేదు. సిలిండరు బదులు పలక మీద శబ్దాన్ని గీసే గ్రామఫోనుకి ఆయన 1887లో పేటెంటు తీసుకున్నాడు. పలకల్ని గట్టి రబ్బరుతో పోశాడు. రబ్బరు అన్నిచోట్లా ఒకేలా అచ్చు దిగదు, ఒకచోట గీత లోతుగా పడితే ఇంకోచోట చదునుగా మిగులుతుంది. 1890ల మధ్యలో న్యూజెర్సీలో గుండీలు చేసే కంపెనీ ఒకటి లక్క ముద్దని అచ్చులో ఒత్తడం ఆయన కంటబడింది. గుండీ సన్నటి నగిషీతో సహా దిగుతుంటే గీత దిగదా! ఆ గుండీల వాళ్లకే పలకల పని అప్పజెప్పాడు. తర్వాత అర్ధ శతాబ్దం లోకం పాటంతా లక్క మీదే నడిచింది. రసాయన రంగులొచ్చి లక్క ఎరుపుని అడిగే నాథుడు లేకుండా చేసిన కాలం అది. ఎర్రటి కడుగునీళ్లు పారబోసి మిగిలిన జిగురుని అమ్ముకునే వ్యాపారులకి గ్రామఫోను దేవుడిలా దిగింది.

ఆ జిగురు తయారైన తీరు ఓసారి ఊహించండి. మీర్జాపూర్ ఇలాకా కార్ఖానాల్లో కడిగిన లక్క గింజల్ని పొడుగాటి గుడ్డ సంచిలో పోసి బొగ్గుల పొయ్యి ముందు చాపుతారు. ఒక మనిషి చివర కూర్చుని సంచిని మెలిపెడుతుంటే, కరిగిన లక్క గుడ్డలోంచి చెమటలా కారుతుంది. దాన్ని పోగుచేసి పలచటి అప్పడంలా పరిచాక ఇంకొకడు లేపి, రెండు చేతులతో, కాలివేళ్లతో, పళ్లతో పట్టుకుని లాగుతాడు. పొయ్యి సెగ మొహం మీద కొడుతుండగానే ఆ రేకు మనిషెత్తు అవుతుంది. ముక్కలు చేసి కలకత్తా రేవుకి పంపుతారు.

పలకలో లక్క అయిదో వంతు అటూ ఇటూ ఉంటుంది. మిగతాది రాతిపొడి, మసి, కాస్త దూది పీచు. 78 పలక పెట్టగానే వినిపించే ఆ వేపుడు చప్పుడు చాలావరకు రాతిపొడిదే. అది కావాలనే వేశారు. ఉక్కు ముల్లు మొదటి కొన్ని చుట్లలోనే ఆ రాతికి అరిగి, గీతకి సరిపడా మొన తేలుతుంది. అందుకే పలక పలకకీ ముల్లు మార్చాలి.

జాజ్ ఈ లక్క మీదే పుట్టి పెరిగింది. మొట్టమొదటి జాజ్ రికార్డు 1917 ఫిబ్రవరిలో న్యూయార్కులో ‘ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్’ చేసింది. ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్ రికార్డులు 1925 నవంబరులో షికాగోలో మొదలయ్యాయి. అవి సంతకం పట్టేంత చోటులో చేసిన కచేరీలు. పది అంగుళాల పలకకి పట్టేది మూడు నిమిషాలే. రాత్రంతా క్లబ్బుల్లో సాగే వాయిద్యాన్ని మూడు నిమిషాలకు కత్తిరించడం ఘోరమని కొందరంటారు. నేను ఒప్పుకోను. చాటుపద్యానికి నాలుగు పాదాలే ఇస్తారని మన కవులెవరూ ఏడవలేదు. 1928లో ఆయన వాయించిన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’లో మొదట ఒంటరిగా మోగే ట్రంపెట్ కొన్ని సెకన్లే. ఆ కొన్ని సెకన్లకే ఆ రోజుల్లో వాయించేవాళ్ల గుండెలు జారాయి.

ఈ ఏర్పాటు తారుమారైన నెలకి మన సముద్రం సాక్షి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే జపాన్ నౌకలు బంగాళాఖాతంలో ఇరవై దాకా సరుకు ఓడల్ని ముంచేశాయి. కలకత్తా నుంచి లక్క పోయే దారి అదే. అమెరికాలో లక్కని పేలుడు సామగ్రికి పూతగానూ, విద్యుత్ పరికరాల్లోనూ వాడుతున్నారు, ఉన్న నిల్వ యుద్ధానికే చాలదు. అదే నెల మధ్యలో అక్కడి యుద్ధ ఉత్పత్తుల బోర్డు రికార్డులకు ఇచ్చే లక్కలో 70 శాతం కోత పెట్టింది. కొత్త పలక కావాలంటే పాత పలకలు తెచ్చివ్వండి, నూరి మళ్లీ పోస్తాం అన్నారు కంపెనీల వాళ్లు. ఎన్ని మంచి పాటలు అలా రోట్లో పడ్డాయో!

గోరుచుట్టు మీద రోకలిపోటు, ఆగస్టు 1 నుంచి అక్కడి వాద్యకారుల సంఘం రికార్డింగుల్నే ఆపేసింది. దాంతో జాజ్ చరిత్రలో ఓ పెద్ద గొయ్యి పడింది. చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ 1943లో ఎర్ల్ హైన్స్ బ్యాండులో పక్కపక్కన నిలబడి వాయించారు. ఆ బ్యాండు రికార్డు ఒక్కటీ లేదు. వాళ్లు తెచ్చిన బీబాప్ అనే కొత్త పద్ధతి ఎలా తప్పటడుగులేసిందో వినే భాగ్యం మనకి లేదు. నడవడం వచ్చాకే రికార్డుకెక్కింది.

ఓడల్లో పోయే సైనికులకు పాట పంపాలంటే లక్క పలక పనికిరాదు, కింద పడితే నాలుగు ముక్కలు. 1943 అక్టోబరు నుంచి అమెరికా సైన్యం ‘వీ-డిస్క్’లు పంపింది. వాటిని వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేశారు. అమ్మకానికి కాదు గనుక సంఘమూ సరేనంది. పన్నెండు అంగుళాల ఆ పలక మీద ఆరు నిమిషాల దాకా పట్టేది. యుద్ధం ముగిశాక వాటిని నాశనం చెయ్యమన్నారు. కొందరు సిపాయిలు సంచుల అడుగున దాచుకుని ఇళ్లకు తెచ్చారు. ఆ ఆజ్ఞ ధిక్కరించిన వాళ్లకి జాజ్ లోకం రుణపడి ఉంది.

వినైల్‌ని యుద్ధమే కనిపెట్టిందనడం తప్పు. పీవీసీని మెత్తబరిచే కిటుకు వాల్డో సెమన్ 1926లోనే పట్టాడు. 1931లో ఆర్‌సీఏ విక్టర్ అలాంటి ప్లాస్టిక్ మీద ఎక్కువసేపు మోగే పలకలు తెచ్చి, ఆర్థిక మాంద్యంలో చేతులు కాల్చుకుంది. యుద్ధం చేసిందల్లా లక్క లేకుండా బతకొచ్చని చూపడమే. కొలంబియా కంపెనీలో పీటర్ గోల్డ్‌మార్క్ బ్రామ్స్ సంగీతం వింటూ మాటిమాటికీ పలక తిప్పలేక విసిగి ఎల్పీ పని మొదలుపెట్టానని చెప్పుకున్నాడు. విలియం బాక్‌మన్ లాంటి ఇంజనీర్ల చెమట అందులో ఆయన చెప్పినదానికన్నా ఎక్కువే ఉంది. 1948 జూన్ 21న న్యూయార్కులో ఎల్పీ బయటికొచ్చింది. నిమిషానికి 33⅓ చుట్లు, ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైన. రాతిపొడి అక్కర్లేదు గనుక గీతని సన్నగా గీయొచ్చు, 78లో ఒక గీత పట్టే చోట రెండు మూడు పడతాయి. వేపుడు చప్పుడూ పోయింది.

పలక మారితే పాట ఎంత మారిందో చూడాలంటే డ్యూక్ ఎల్లింగ్టన్ ‘డిమినుయెండో అండ్ క్రెసెండో ఇన్ బ్లూ’ వినాలి. 1937లో దాన్ని 78 పలక రెండు వైపులా పంచి ఇచ్చాడు, సగంలో లేచి పలక తిప్పుకోవాలి. అదే రచనని 1956 జూలైలో న్యూపోర్ట్ ఉత్సవంలో వాయించినప్పుడు, ఆ సగం విరిగిన చోటే పాల్ గోన్సాల్వెస్ సాక్సఫోను అందుకున్నాడు. బ్లూస్‌లో పన్నెండు బార్లు ఒక ఆవర్తం. అతను 27 ఆవర్తాలు ఆపకుండా వాయించాడు. జనం కుర్చీలెక్కారు. ఎల్పీ మీద అది ఏకబిగిన పద్నాలుగు నిమిషాలు. తమాషా ఏమిటంటే ఆ ఊపులో అతను కొలంబియా మైకు వదిలేసి పక్కనున్న వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకులోకి ఊదాడు. అందుకే ఆ ఎల్పీలో సాక్సఫోను వీధి చివర్నించి వస్తున్నట్టుంటుంది. అయినా ఆ పాత ఎల్పీనే నాకిష్టం.

ఎల్పీలు పోగేసేవాళ్ల చాదస్తాలు వేరే పురాణం. బ్లూ నోట్ కంపెనీ పలక దొరికితే పేరు చదవరు, గీతలు అయిపోయిన చోట నున్నటి భాగాన్ని దీపానికి పెట్టి వాలుగా చూస్తారు. అక్కడ ఆర్‌వీజీ అని చెక్కి ఉంటే, పగలు కళ్లద్దాలు రాసిచ్చే డాక్టరుగా, రాత్రి జాజ్ ఇంజనీరుగా బతికిన రూడీ వాన్ గెల్డర్ చేతి పని. పక్కన చెవి ఆకారం గుర్తుంటే 1966కి ముందు ఒత్తింది. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అనే జాజ్ ఎల్పీ (1959) మొదటి వైపు టేపు యంత్రం తేడాతో రవ్వంత హెచ్చు శ్రుతిలో పడింది. దాన్ని సరిదిద్దింది 1992లో. అప్పటిదాకా దాంతో కలిపి సాధన చేసినవాళ్లంతా తమ వాద్యాన్నే అనుమానించి ఉంటారు.

మనదేశం మాత్రం లక్కని అంత తొందరగా వదల్లేదు. కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ రికార్డుల కార్ఖానా 1960లలో కూడా 78లు ఒత్తుతూనే ఉంది. చాలా పల్లెల్లో అప్పటికి కరెంటు లేదు, కీ ఇచ్చే పెట్టెలే ఉండేవి. బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ 78 మీద వచ్చాయి. ఇప్పుడు విదేశీయులు వాటికోసం ఎగబడుతున్నారు.

కిందటి వానాకాలం అరకు వెళుతూ కరెంటు మీద నడిచే ఎల్పీ యంత్రం, కీ ఇచ్చే గ్రామఫోను పెట్టె రెండూ కారులో పెట్టుకున్నాను. అనంతగిరి ఘాట్ దాటేసరికే మబ్బు రోడ్డు మీదికి దిగింది. ఆ తేమకి అట్టలు బూజు పడతాయని తెలుసు, అయినా ఆశ. రాత్రి గదిలో న్యూపోర్ట్ ఎల్పీ పెట్టాను. గోన్సాల్వెస్ పదో ఆవర్తమో పదకొండోదో అందుకున్నాడు, కరెంటు పోయింది. సాక్సఫోను టక్కున ఆగింది. చీకట్లో పళ్లెం మాత్రం ఇంకాసేపు మూగగా తిరిగి నిలిచింది. బయట రేకు కప్పు మీద వాన.

తడుముకుంటూ రెండో పెట్టె మూత తీసి కీ తిప్పాను. కొత్త ముల్లు బిగించి, నేను పాడుచేసిన ఆర్మ్‌స్ట్రాంగ్ పలక వేశాను. అలుక్కుపోయిన చోటు వచ్చినప్పుడల్లా, చుట్టుకో గరగర. అర నిమిషం అలా గడిచాక ముల్లు మచ్చ దాటి లోపలి గీతల్లోకి వచ్చింది, ట్రంపెట్ వానకన్నా పైకి లేచింది. మూడు నిమిషాలకి పలక అయిపోతే, ముల్లు మార్చి రెండో వైపు తిప్పాను.