తేనెపట్టు కట్టని తేనెటీగ

1622లో ఇంగ్లండు నుంచి వచ్చిన తేనెటీగలు వర్జీనియా తీరాన దిగాయి. తోటల్లో పెంచే ఆపిల్ కూడా యూరప్ వలసవాసుల వెంట వచ్చిన చెట్టే. కానీ వసంతం మొదట్లోనే పూల మీద వాలే నీలిరంగు ఈగ ఒకటి అప్పటికే ఉత్తర అమెరికా ఖండంలో ఉంది. పురుగులు తొలిచిన కర్ర రంధ్రాల్లో మట్టితో గదులు కడుతుంది కనుక దాన్ని మేసన్ తేనెటీగ అంటారు. కీటక శాస్త్రవేత్త థామస్ సే రాసిన వర్ణన 1837లో దాన్ని ఆస్మియా లిగ్నేరియాగా శాస్త్రలోకానికి పరిచయం చేసింది. ఆ తరువాత కూడా వందేళ్లకు పైగా దాన్ని ఎవరూ తోటపనికి పిలవలేదు. అది తేనె ఇవ్వదు, మైనం ఇవ్వదు, పెట్టెకెత్తి తరలించడానికి దానికి గుంపూ లేదు. చివరికి దాన్ని తోటలోకి తేగలిగింది గూటిని ఓపికగా చదివినవాళ్లే. తరువాత వచ్చిన చిక్కులు మాత్రం దాని సంతానపు లెక్కను మరిచినచోటే పుట్టాయి.

ఆ లెక్క చాలా చిన్నది. ఈ జాతిలో రాణి లేదు, కూలీలు లేరు. ప్రతి తల్లీ తన గూడు తానే కట్టుకోవాలి. పుప్పొడిని మకరందంతో కలిపి ముద్ద చేసి, దాని మీద ఒక గుడ్డు పెట్టి, తడిమట్టితో అడ్డుగోడ కట్టి, ఆ ముందు మరో గది మొదలుపెడుతుంది. మన ఇళ్ల గోడల మీద కుమ్మరి పురుగు చేసే పనికి ఇది దగ్గరే, కాకపోతే పిల్లకు పెట్టే తిండి పుప్పొడి. దాచుకున్న మగబీజాన్ని గుడ్డుకు చేరిస్తే ఆడపిల్ల, చేర్చకపోతే మగపిల్ల. ఆడపిల్లలను రంధ్రం లోపలి గదుల్లో, మగపిల్లలను వాకిలి వైపు ఉంచుతుంది. రంధ్రం ఇరుకైతే మగ సంతానమే పెరుగుతుందని ఇదే కుటుంబపు యూరప్ ఈగల్లో ఫ్రెంచి కీటక పరిశోధకుడు ఫాబ్ర్ 19వ శతాబ్దంలోనే చూపాడు. పిల్ల వేసవిలో ముద్ద తిని, పట్టుగూడు అల్లుకుని, పూర్తి ఈగగా మారి చలికాలమంతా అందులోనే గడుపుతుంది. తోటల్లో సాధారణంగా ఏడాదికి ఒకే తరం. కొద్ది వారాల జీవితంలో ఒక తల్లి పెట్టే గుడ్లు కొన్ని పదులకు మించవు.

యూటా రాష్ట్రం లోగన్‌లో 1947లో మొదలైన అమెరికా వ్యవసాయశాఖ తేనెటీగల ప్రయోగశాలలో ఫిలిప్ టార్చియో 1970ల నుంచి ఈ ఈగను ఆపిల్, బాదం తోటల్లో పరీక్షించాడు. సుమారు 8 మిల్లీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల లోతు ఉన్న గొట్టాలిస్తే ఆడ సంతానం బాగా వస్తుందని, దగ్గర్లో తడిమట్టి ఉండాలని, చలినిద్రను పూత కాలానికి సరిపెట్టాలని తేలింది. ఎకరానికి దాదాపు 250 ఆడ ఈగలు చాలు. పొట్ట కింది వెంట్రుకల్లో పొడిగా మోసే పుప్పొడి ప్రతి పూవు మీదా సులభంగా రాలుతుంది. తేనెటీగ వెనకాడే చల్లని వేళల్లోనూ ఈ ఈగ ఎగురుతుంది.

ఇన్ని గుణాలుంటే తేనెటీగ పెట్టెల స్థానం ఎందుకు తీసుకోలేదని అడగవచ్చు. తీసుకోలేదన్నది నిజం, తీసుకోవలసిన అవసరమూ లేదు. ఏటా కొన్ని పదుల గుడ్లు పెట్టే తల్లులు లక్షల ఎకరాల బాదంను ఒంటరిగా మోయలేవు. అయితే 2013లో ప్రచురితమైన కాలిఫోర్నియా అధ్యయనం ప్రకారం, బాదం తోటలో ఇవి తోడుంటే తేనెటీగల పనే మెరుగవుతుంది. మరో ఆక్షేపణ: జపాన్ ఆపిల్ రైతులు 1940ల నుంచి వాడుతున్న ఆస్మియా కార్నిఫ్రాన్స్ అనే మేసన్ ఈగను 1970ల్లో శాస్త్రవేత్త సుజాన్ బాత్రా మేరీలాండ్‌లో స్థిరపరిచింది కదా, స్వదేశీ ఈగ కోసం ఇంత పట్టుదల ఎందుకు? ఆ ఈగ తోటలకు మేలు చేసిన మాట కాదనలేను. కానీ ఆసియా నుంచే వచ్చిన దాని బంధువు ఆస్మియా టారస్ కూడా తూర్పు రాష్ట్రాల్లో పాతుకుపోయింది. అది పెరిగిన కాలంలోనే ఆరు స్వదేశీ మేసన్ జాతులు బాగా తగ్గాయని 2020లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఒకదాని వల్లే మరొకటి తగ్గిందని అది పూర్తిగా రుజువు చేయకపోవచ్చు. నెమ్మదిగా పెరిగే జాతుల విషయంలో రుజువు దొరికేదాకా ఆగితే కోలుకునే తరాలు మిగలవు.

అమ్మకానికి వచ్చే స్వదేశీ ఈగల్లో చాలావరకు నేటికీ పశ్చిమ రాష్ట్రాల అడవుల్లో గొట్టాలు పెట్టి పట్టినవే. తోటల్లో తరం నిలపకుండా అడవి మీదే ఆధారపడితే, దొరికిన మేలు అరువుదే అవుతుంది. కాబట్టి అమెరికా రైతు ముందున్న పని స్పష్టం: ఆయా ప్రాంతాల ఈగలనే పెంచాలి, పంట పూత రాలాక కూడా వాటికి పూలు మిగల్చాలి, చచ్చిన మానును, తడిమట్టిని తోట అంచున ఉండనివ్వాలి. తల్లి ఈగ సంతానం పెరిగే వేగమే ఈ వృత్తి వేగం కావాలి.